విత్తనం దాచే జన్యువులు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రసంగంలో వృషణాలు, వీర్యం అనే మాటలు చాలాసార్లు వస్తాయి. వెనక బెంచీల వాళ్లు నవ్వుకోవాలంటే ఇప్పుడే నవ్వేసుకోండి.

1972లో కోపెన్‌హాగెన్‌లో నీల్స్ స్కాకెబెక్ అనే డాక్టరు ఓ చిన్న పేపరు రాశాడు. పిల్లలు కలగడం లేదని వచ్చిన మగవాళ్లకి వృషణంలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తుంటే ఇద్దరిలో వింత కణాలు కనిపించాయి. కొన్నాళ్లకి ఆ ఇద్దరికీ అక్కడే క్యాన్సర్ వచ్చింది. సంతానం కోసం ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లలో క్యాన్సర్ మొదటి దశ బయటపడిందన్నమాట. ఈ రెండిటికీ చుట్టరికం ఎక్కడుందో జన్యువుల దాకా వెళ్లి పట్టుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

యుక్తవయసు నుంచి ముసలితనం దాకా మగవాడి ఒంట్లో సెకనుకి వెయ్యికి పైగా వీర్యకణాలు తయారవుతాయని అంచనా. ఇన్నేళ్లపాటు సరుకు అయిపోకుండా ఉండేది మూలకణాల వల్ల, అంటే స్టెమ్ సెల్స్ వల్ల. మూలకణం రెండుగా చీలినప్పుడు సగటున ఒకటి మూలకణంగానే మిగలాలి, రెండోది వీర్యకణం అయ్యే దారి పట్టాలి. రైతు విత్తనాల వడ్లు పక్కన పెట్టుకోవడం లాంటిదే ఇదీ. పండినదంతా తినేస్తే వచ్చే ఏడు నారు పోయడానికి గింజ ఉండదు, విత్తనం విత్తనం అంటూ అంతా గాదెలోనే ఉంచేస్తే ఈ ఏడే పస్తులు.

ఎంత దాచాలి, ఎంత వాడాలి అని తేల్చేవాటిలో ముఖ్యమైనది జీడీఎన్ఎఫ్ అనే జన్యువు. వృషణంలో బీజకణాల్ని, అంటే వీర్యకణాలుగా మారే కణాల్ని, పోషించే సెర్టోలీ కణాలు ఈ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ని వదులుతాయి. 2000లో ఫిన్లాండ్‌లో హన్ను సారియోలా బృందం ఎలుకల మీద దీన్ని రెండు వైపులా పరీక్షించింది. జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకటి తీసేస్తే మూలకణాలు మెల్లగా అడుగంటిపోయాయి. అదే ప్రోటీన్ అతిగా తయారయ్యేలా చేస్తే మూలకణాలు కుప్పలుగా పేరుకున్నాయి తప్ప వీర్యకణాలుగా మారడం ఆగిపోయింది. తక్కువైనా తంటాయే, ఎక్కువైనా తంటాయే. అక్కడితో అయిపోలేదు, అతిగా ఉన్న ఆ ఎలుకలు పెద్దవయ్యేసరికి వాటి వృషణాల్లో గడ్డలు లేచాయి, మనుషుల్లో బీజకణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ని సెమినోమా అంటామే, దాదాపు ఆ బాపతువి. నన్నడిగితే ఈ విషయం మొత్తంలో ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగం లేదు. పీఎల్‌జడ్‌ఎఫ్ అనే ఇంకో జన్యువు కథ తిరగేసి నడిచింది. అది మొదట ఒక రకం రక్తక్యాన్సర్‌లో దొరికింది, 2004లో చూస్తే అది లేని ఎలుకల్లో వీర్యపు మూలకణాలు నిలవడం లేదు.

ఇప్పుడు అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి వెళ్దాం. 1953లో అక్కడి జాక్సన్ ల్యాబొరేటరీలో లెరాయ్ స్టీవెన్స్ సిగరెట్ కంపెనీ డబ్బుతో పనిచేస్తూ ఎలుకల్ని చూస్తుంటే, 129 అనే జాతి మగ ఎలుక వృషణంలో కండరం, ఎముక, నరాల కణజాలం అన్నీ కలగలిసిన గడ్డ కనిపించింది. సిగరెట్ల సంగతి పక్కనపెట్టి ఆయన బతుకంతా ఆ గడ్డల వెనకే తిరిగాడు, ఆ కంపెనీకి ఏం లాభం వచ్చిందో గానీ మనకి మాత్రం వచ్చింది. పిండ మూలకణాల్ని మొదటిసారి వేరు చేయడానికి దారి వేసింది ఆ గడ్డలే. ఆ జాతిలోనే గడ్డల్ని విపరీతంగా పెంచే ఒక మార్పు డీఎన్‌డీ1 అనే జన్యువులో ఉందని 2005లో తేలింది. ఆ మార్పు రెండు కాపీల్లోనూ ఉంటే ఏ జాతి మగ ఎలుకైనా గొడ్డుబోతుంది. 129 జాతిలో మాత్రం గొడ్డుబోవడంతో పాటు గడ్డ కూడా వస్తుంది. ఒకే తప్పు, ఫలితం మాత్రం మిగతా జన్యువుల్ని బట్టి.

మరి మనుషుల్లో? ఆక్ట్4 అనే జన్యువు పిండ దశలో, ఇంకా ఏ అవయవమూ కాని కణాల్లో పనిచేస్తుంది. మగబిడ్డ బీజకణాలు ఎదిగేకొద్దీ అది ఆగిపోవాలి. స్కాకెబెక్ చూసిన కణాల్లో అది ఆగదు. పెథాలజీ ల్యాబులో ఆక్ట్4 ఉన్నచోటు గోధుమ రంగులో తేలేలా స్టెయిన్ వేసిన స్లైడు చూస్తే తెలుస్తుంది, వీర్యకణాలు తయారయ్యే నాళిక ఆరోగ్యంగా ఉంటే మొత్తం నీలంగా ఉంటుంది, చెడిన నాళికలో గోడ అంచు వెంబడి పెద్ద పెద్ద కేంద్రకాలు గోధుమ రంగులో వరసగా కూర్చుని ఉంటాయి. అవి అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఎదగడం ఆపేసి, ఇరవై, ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోయిన కణాలు.

యువరాజ్ సింగ్‌కి వచ్చిన క్యాన్సరూ ఈ కోవకి చెందిందే, సెమినోమా. కాకపోతే ఊపిరితిత్తుల మధ్య వచ్చింది. పిండంలో బీజకణాలు శరీరం మధ్యగీత వెంబడి ప్రయాణిస్తాయి, దారిలో చిక్కుకుపోయినవే అలా మారతాయని చాలామంది చెప్పే వివరణ. 2012లో ఇండియానాపోలిస్‌లో ఆయనకి వైద్యం చేసిన లారెన్స్ ఐన్‌హార్నే 1974లో ఈ జబ్బుకి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వాడకం మొదలుపెట్టింది. ఇప్పుడు వృషణాల క్యాన్సర్ వచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా బతుకుతున్నారు. ఎందుకంత బాగా పనిచేస్తుందంటే, బీజకణాలకి డీఎన్ఏ దెబ్బతింటే సర్దుకుపోకుండా చచ్చిపోయే గుణం ఉంది, వాటిలోంచి పుట్టిన గడ్డకీ ఆ గుణం మిగిలింది. అదే మందు మంచి మూలకణాల్నీ చంపుతుంది మరి. చాలామందికి ఒకటి రెండేళ్లలో వీర్యం తిరిగొస్తుంది, కొందరికి రాదు. అందుకే కీమో మొదలవకముందే వీర్యం ఫ్రీజ్ చేయించుకోవాలి. డాక్టరు చెప్పకపోతే సిగ్గుపడకుండా మీరే అడగండి, పెళ్లికాని కుర్రాడి తరఫున అమ్మానాన్నలైనా అడగండి. ఇంకా ఈడు రాని పిల్లలకి వీర్యం ఉండదు కాబట్టి వృషణం ముక్కనే దాస్తున్నారు, అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కోతుల్లో ఆ దారిలో గ్రేడీ అనే పిల్ల పుట్టింది. లుకేమియా పిల్లల్లో ఇంకో భయం కూడా ఉంది, దాచిన ముక్కలోనే క్యాన్సర్ కణాలు ఉంటే వాటినీ తిరిగి ఒంట్లోకి పంపినట్టే.

మన హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం వీర్యకణాలు అసలే లేని భారతీయ మగవాళ్ల వై క్రోమోజోములో ఏ ముక్కలు పోయాయో చూసింది. అందులో ఏజెడ్‌ఎఫ్‌సి అనే ప్రాంతం ఉంది, అక్కడ జీఆర్-జీఆర్ అనే చిన్న ముక్క పోతే వీర్యం తగ్గడమే కాక వృషణాల క్యాన్సర్ ముప్పూ పెరుగుతుందని 2005లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. టెన్షన్ పడకండి, మన దేశంలో ఈ క్యాన్సర్ చాలా అరుదు, ముప్పు రెట్టింపైనా అరుదే. పట్టించుకోవాల్సింది ఏమిటంటే, మగబిడ్డకి ఆరు నెలలు నిండినా వృషణం సంచిలోకి దిగకపోతే పిల్లల సర్జన్‌కి చూపించాలి. అలా వదిలేస్తే సంతానలేమి, క్యాన్సర్ రెండిటికీ అవకాశం పెరుగుతుంది. పెద్దయితే అదే దిగుతుందిలే అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, ఆ మాట వినకండి.

చివరగా, స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో వీర్యం తెప్పిస్తామని లక్షలు అడిగేవాళ్ల గురించి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప చేయకూడదు, ట్రయల్‌కి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ, అంటే దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, అందులోని రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. నంబరు ఇస్తే ఇంటికొచ్చి వెబ్‌సైట్లో సరిచూసుకోండి, ఇవ్వకపోతే ఫైలు పట్టుకుని లేచి వచ్చేయండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, నోటితో అడగలేనివాళ్లు చీటీ రాసి పంపండి.