రెండున్నర డాలర్లతో ఎవరైనా పారిపోతారా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చిన పది నిమిషాల్లో రెండు మైకు సర్దడానికే పోయాయి.

నా అంశం ‘నేర పరిశోధనలో శాస్త్రీయ ఆధారాలు’ అని ఆహ్వానపత్రంలో వేశారు. దానికొస్తాను. ముందు చికాగో సంగతి చెప్పనివ్వండి.

1956 డిసెంబరు 28. పదిహేనేళ్ల బార్బరా గ్రైమ్స్, చెల్లెలు పట్రీషియా బ్రైటన్ థియేటర్‌కు వెళ్లారు. అమెరికాను ఊపేస్తున్న పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ మొదటి సినిమా. అప్పటికే చాలాసార్లు చూసేశారు, అయినా వెళ్లారు. ఇద్దరి దగ్గరా కలిపి రెండున్నర డాలర్లు. రెండో ఆటకు కూడా ఉండిపోతారేమోనని, యాభై సెంట్లు పర్సు జిప్పు అరలో విడిగా పెట్టుకోమని తల్లి చెప్పి పంపింది.

పిల్లలు రాలేదు. తల్లి లొరెట్టా మిగతా పిల్లల్ని బస్టాపుకు పంపింది. బస్సులు వచ్చిపోయాయి, వీళ్లు దిగలేదు. తెల్లవారేలోగా పోలీసులకు చెప్పింది. వాళ్లకు ముందుగా తోచిందేమిటి? పారిపోయుంటారు! ఎల్విస్‌ను చూడ్డానికి నాష్‌విల్ వెళ్లుంటారు! చివరికి ఆ ఎల్విసే ఇళ్లకు వెళ్లండమ్మా అని ప్రకటన చేయాల్సి వచ్చింది.

వెనక బెంచీ బాబులూ, మీరు చెప్పండి. రెండున్నర డాలర్లతో, డిసెంబరు చలిలో, ఎవరైనా పారిపోతారా? పారిపోయే పిల్ల అమ్మ చెప్పిన చిల్లర జాగ్రత్తగా దాచుకుంటుందా?

1957 జనవరి 22న మంచు కరిగాక, చికాగో శివారు విల్లో స్ప్రింగ్స్ దగ్గర జర్మన్ చర్చ్ రోడ్డు పక్కన అక్కాచెల్లెళ్ల శవాలు ఒకాయన కంటపడ్డాయి. బట్టల దుకాణం బొమ్మలనుకున్నాడట ముందు. శవపరీక్ష చేసిన వైద్యులు, కడుపులోని ఆహారాన్ని బట్టి, తప్పిపోయిన రాత్రే చనిపోయారన్నారు. అదే నిజమైతే, ఆ తర్వాతి రోజుల్లో వాళ్లను బస్సులో చూశాం, బజారులో చూశాం అన్నవాళ్లంతా ఎవరిని చూసినట్టు? కరోనర్, అంటే అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి, ఆయన ఆఫీసులోని ముఖ్య పరిశోధకుడు హారీ గ్లోస్ ఆ లెక్క తప్పని బహిరంగంగా అన్నాడు, ఉద్యోగం పోయింది. చూశారా, ఇక్కడే నా అంశంలోకి వచ్చేశాను. ఆధారం ఒకటే, దాన్ని చదివిన ఇద్దరికీ రెండు తేదీలు.

ఈలోగా గిన్నెలు కడిగే ఒక పేదవాణ్ని పట్టుకుని రోజుల తరబడి ప్రశ్నించి, ఒప్పుకోలు మీద సంతకం పెట్టించారు. బలవంతం చేశారని తర్వాత చెప్పాడు. అభియోగాలు నిలవలేదు, వదిలేశారు. హంతకుడు ఈనాటికీ దొరకలేదు.

గంట కొడుతున్నారు, వింటున్నాను. నాకు కోపం తెప్పించేది పట్టుకోలేకపోవడం కాదు. అన్ని కేసులూ తేలవు, ఆ మాట నాకూ తెలుసు. పిల్ల కనబడలేదని వచ్చిన తల్లికి ముందు ఆమె పిల్లల గుణగణాలు చెప్పడం, ఆ తర్వాతెప్పుడో వెతకడం. మీలో రేపు యూనిఫాం వేసుకునేవాళ్లున్నారు, అందుకే అంశం పక్కనబెట్టి ఇంతసేపు దీని మీదే ఉన్నాను.

ఇక ప్రశ్నలు అడగండి. హంతకుడెవరై ఉంటాడని మాత్రం అడగకండి, ఊహలు నా దగ్గర లేవు.