మూరెడు చేయి, టిక్కీ బరువు

శ్రోతలకు నమస్కారం.

సీజను రోజుల్లో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లినవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. లారీ పక్కన హమాలీ నడుము వంచి నిలబడతాడు. పైనున్నవాళ్లు టిక్కీని, అంటే మిర్చి బస్తాను, అతని వీపు మీదికి జారుస్తారు. అతను ఒక్కసారి భుజాలు సర్దుకుని, చిన్నచిన్న అడుగులతో కాటా వైపు కదులుతాడు. ఆ టిక్కీ బరువు దాదాపు 40 కిలోలు. బాక్సింగ్‌లో ఒకనాటి హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానోకూ, మన కాలపు టైసన్ ఫ్యూరీకీ శరీర బరువులో ఉన్న తేడా సరిగ్గా అంతే. 1952లో టైటిల్ గెలిచిన రాత్రి మార్సియానో 84 కిలోలు కూడా లేడు. 2020లో డియోంటే వైల్డర్‌ను ఓడించిన రాత్రి ఫ్యూరీ దాదాపు 124 కిలోలు.

ఇక చేతుల సంగతి. రెండు చేతులూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు మార్సియానోకు 68 అంగుళాలు, ఫ్యూరీకి 85. అంటే తేడా 17 అంగుళాలు. పూలు కొనేవారికి చెప్పనక్కరలేదు, అది దాదాపు ఒక మూర.

పాతకాలపు వీరులు ఈనాటి మహాకాయుల ముందు నిలవగలరా అన్నది మా బ్రాడీపేట మిత్రబృందంలో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న. సాయంత్రం నడక ముగించి అరుగు మీద చేరామంటే చాలు, ఎవరో ఒకరు దీన్ని లేవనెత్తుతారు. "మాస్టారూ, మీ మార్సియానో 49 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు, నిజమే. కానీ ఆ 49 మందిలో ఫ్యూరీ ఉన్నాడా?" అని ఒక మిత్రుడు ప్రతిసారీ నన్ను నిలదీస్తాడు. ఈరోజు ఆయనకు తీరిగ్గా సమాధానం చెప్పాలని ఉంది.

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పని ఒకప్పుడు రేడియోలోనే మొదలైంది. 1967లో అమెరికాలోని మయామీకి చెందిన మర్రీ వొరోనర్ అనే నిర్మాత వేర్వేరు కాలాల ఛాంపియన్ల వివరాలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించి, అది తేల్చిన ఫలితాలను పోటీల వ్యాఖ్యానంలా ప్రసారం చేశాడు. తుది విజేత మార్సియానో. తుది పోరు దాకా రాకుండానే తాను ఓడినట్టు చెప్పినందుకు మహమ్మద్ అలీ కోర్టుకెక్కాడు. ఆ గొడవ సర్దుబాటయ్యాక, 1969లో అలీనీ మార్సియానోనీ ఒకే రింగులో నిలబెట్టి సినిమాగా తీశారు. యుద్ధానికి వెళ్లనన్నందుకు అలీకి అప్పట్లో బాక్సింగ్ నిషేధం. మార్సియానో ఆట మానేసి అప్పటికే పదమూడేళ్లు దాటింది. ఆయన ఒళ్లు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీశారు. ఏది చూపిస్తారో ఇద్దరికీ తెలియదు. చిత్రీకరణ అయిన కొద్ది వారాలకే మార్సియానో విమాన ప్రమాదంలో మరణించాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిన ప్రతిలో పదమూడో రౌండులో గెలిచింది ఆయనే. యూరప్‌లో చూపిన మరో ప్రతిలో గెలుపు అలీది. కంప్యూటర్ తీర్పు కూడా చూసేవారిని బట్టి మారిందన్నమాట. అందుకే కంప్యూటర్ లెక్కలను పక్కనపెట్టి, నిజంగా రింగులో జరిగినవాటినే సాక్ష్యంగా తీసుకుంటాను.

మొదటి సాక్ష్యం 1919 నాటిది. జాక్ డెంప్సీ 85 కిలోలు, అప్పటి ఛాంపియన్ జెస్ విల్లార్డ్ 111 కిలోలు. విల్లార్డ్ ఎత్తు ఆరున్నర అడుగులకు పైమాటే. మొదటి రౌండులోనే డెంప్సీ ఆయన్ను ఏడుసార్లు పడగొట్టాడు. ఆ పోటీని తీసిన పాత ఫిల్ము చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఒక్క విషయం గమనించాలి. పడినవాడు లేస్తుంటే డెంప్సీ పక్కనే నిలబడి, లేవగానే మళ్లీ కొట్టాడు. ఈనాడు అలా కుదరదు. ప్రత్యర్థి పడగానే దూరంగా తటస్థ మూలకు వెళ్లాలి. పైగా విల్లార్డ్‌కు అప్పటికి 37 ఏళ్లు, పోటీల్లేక చాలాకాలమైంది. కాబట్టి ఈ గెలుపును చూసి డెంప్సీ ఫ్యూరీనీ అలాగే కూలుస్తాడంటే ఒప్పుకోలేను. అంతకు ముందు తరం వీరులైన జాక్ జాన్సన్ వంటివారిని ఈ లెక్కలోకి తేవడమే అన్యాయమని నా అభిప్రాయం. వాళ్ల గ్లౌజులు వేరు, నియమాలు వేరు, రౌండ్ల లెక్క వేరు. 1915లో జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్న పోటీ 26వ రౌండు దాకా సాగింది!

జో లూయిస్ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారుతుంది. 1935లో ఆయన 89 కిలోల బరువుతో, 118 కిలోల ప్రైమో కార్నెరాను ఆరో రౌండులో ముగించాడు. లూయిస్ కాళ్లను చూడండి. గెంతడు, పరుగెత్తడు. నేల మీద పాదాన్ని ఈడుస్తున్నట్టు అర అడుగు ముందుకు జరుపుతాడు. ఆ అర అడుగుతోనే ఎదుటివాడి వెనుక దారి మూసుకుపోతుంది. ఎడమ చేయి సూటిగా వెళ్లి ముఖాన్ని తాకుతుంది. అది వెనక్కి వచ్చేలోగా కుడి చేయి బయలుదేరి ఉంటుంది. గుద్దు ప్రయాణించే దూరం జానెడు. చేయి వెనక్కి లాగి, ఊపు తెచ్చుకుని కొట్టే అలవాటు ఆయనకు లేదు. కొట్టబోతున్నాడని ఎదుటివాడికి తెలిసే వ్యవధే ఉండదు.

మా యార్డు హమాలీని ఒకసారి అడిగాను, అంత బరువు ఎలా మోస్తున్నావని. "చేతులు పట్టుకుంటాయంతే మాస్టారూ, మోసేది కాళ్లూ నడుమూ" అన్నాడు. గుద్దు సంగతీ అదే. మడమ దగ్గర పుట్టి, తుంటిలో తిరిగి, భుజం దాటి పిడికిలికి చేరుతుంది. కండ ఎంత ఉన్నా ఈ వరుస తప్పితే దెబ్బలో పస ఉండదు. లూయిస్‌కు ఆ వరుస ఏనాడూ తప్పలేదు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు.

అయితే మిత్రుడి వాదనలోనూ గట్టి పట్టు ఉంది. కార్నెరా భారీ మనిషేగానీ పనితనం తక్కువ. ఈనాటి భారీ మనుషులు పని నేర్చినవాళ్లు. వ్లాదిమిర్ క్లిచ్‌కో ఆరున్నర అడుగుల ఎత్తు నుంచి ఎడమ చేత్తో దూరం కొలుస్తూ, దగ్గరికి వచ్చినవాడి మెడ మీద తన బరువంతా వాల్చేవాడు. ఆ బరువు మోయడంలోనే చిన్నవాడి కాళ్లు సగం చచ్చిపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. సోవియట్ కూటమి దేశాల బాక్సర్లకు చాలాకాలం ప్రొఫెషనల్ పోటీల తలుపులు మూసే ఉన్నాయి. ఆ తలుపులు తెరుచుకున్నాకే ఉక్రెయిన్ నుంచి క్లిచ్‌కో సోదరులూ, ఒలెగ్జాండర్ ఉసిక్ వంటివారూ వచ్చారు. బరువులు ఎత్తితే కండరాలు బిగుసుకుని వేగం తగ్గుతుందని పాత శిక్షకులు భయపడేవారు. ఆ భయమూ పోయింది.

మరి రౌండ్ల మాటేమిటి? అప్పట్లో టైటిల్ పోటీ 15 రౌండ్లు. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14 రౌండ్ల పోరు తర్వాత మరణించాడు. ఆ విషాదం తర్వాతే దాన్ని 12 రౌండ్లకు తగ్గించడం మొదలైంది. అది సరైన నిర్ణయమని మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ మూడు రౌండ్లు పోవడం వల్ల భారీ శరీరాలకు మేలు జరిగింది. టైటిల్ గెలిచిన రాత్రి మార్సియానో మొదటి రౌండులోనే కిందపడ్డాడు. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. ఈనాటి నియమాలైతే అక్కడితో ఓడిపోయినట్టే. పదమూడో రౌండులో, తాళ్ల దగ్గర, ఒక్క పొట్టి కుడి చేతి దెబ్బ. అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ ఎడమ చేయి తాడుకు తగులుకుని ఉండగానే మోకాళ్ల మీదికి జారిపోయాడు. ఆయన తల నేలను తాకడం చూశాక రిఫరీ లెక్క పూర్తి చేయడం లాంఛనమే.

రెండు కాలాల్లోనూ స్వయంగా నిలబడి చూపించిన మనిషి ఒకరున్నారు, జార్జ్ ఫోర్‌మన్. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ చేతిలో ఎనిమిదో రౌండులో ఓడినప్పుడు ఆయనకు పాతికేళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత, 45 ఏళ్ల వయసులో, 26 ఏళ్ల ఛాంపియన్ మైకేల్ మూరర్‌తో తలపడ్డాడు. కిన్షాసాలో వేసుకున్న ఆ ఎర్ర నిక్కరే వేసుకుని వచ్చాడు. రౌండ్ల మధ్య స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. ఆయన మూలలో నిలబడి సలహాలిస్తున్నది ఎవరనుకున్నారు? ఏంజెలో డండీ. కిన్షాసాలో అలీ మూలన ఉన్నవాడే. తొమ్మిది రౌండ్లు దెబ్బలు తిని, పాయింట్లలో వెనకబడి, పదో రౌండులో ఒక్క కుడి చేతి దెబ్బతో టైటిల్ గెలుచుకున్నాడు. ఉడిగిపోయిన వయసులోనే ఇంత చేస్తే, 1973లో జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టిన ఫోర్‌మన్ ఈనాడు ఎవరికి లొంగుతాడు?

చివరి సాక్ష్యం ఈమధ్యదే. 2024 మే నెలలో రియాద్‌లో ఉసిక్ ఫ్యూరీని ఓడించి నాలుగు ప్రధాన బాక్సింగ్ సంస్థల టైటిళ్లనూ ఒక్కటి చేశాడు. డిసెంబరులో మళ్లీ ఓడించాడు. రెండోసారి ఫ్యూరీ 127 కిలోలు, ఉసిక్ 102. ఉసిక్ ఎత్తు ఆరు అడుగుల మూడు అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. మహమ్మద్ అలీ కొలతలు కూడా అవే. కిన్షాసాలో అలీ బరువు 98 కిలోలు. అంటే మహాకాయుల కాలంలో అందరినీ ఓడించి పైన నిలిచినవాడు అలీ అంత మనిషే!

మిత్రమా, నువ్వు అరుగు మీదే కూర్చుని వింటున్నావని తెలుసు. ఇదిగో నా లెక్క. మార్సియానో, ఫ్యూరీ తలపడితే ఫ్యూరీదే గెలుపు. ఆ మూరెడు దూరం, ఆ టిక్కీ బరువు మార్సియానో గుండె ధైర్యానికి కూడా మించినవి. ఇంతకాలం నీతో ఒప్పుకోలేదు, ఈరోజు ఒప్పుకుంటున్నాను. లూయిస్, ఈ కాలపు బ్రిటన్ మహాకాయుడు ఆంథొనీ జాషువా తలపడితే ఎనిమిదో రౌండులోగా లూయిస్. కుర్ర ఫోర్‌మన్ ఎదురైతే ఈనాటివాళ్లలో ఒక్క ఉసిక్ మాత్రమే చివరిదాకా నిలుస్తాడు. అలీ, ఉసిక్ తలపడితే? 12 రౌండ్లయితే ఉసిక్‌కు వెంట్రుకవాసి మొగ్గు. 15 రౌండ్లయితే అలీ.

నమస్కారం.