ఆ పనస చెక్క కోయించాలా, వద్దా

శ్రీను: రికార్డ్ అవుతోందా?

లావణ్య: ఎర్ర లైటు వెలిగింది. మాట్లాడు అన్నయ్యా.

శ్రీను: అందరికీ నమస్కారం. విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, మా మేడ మీద గది నుంచి శ్రీను...

లావణ్య: లావణ్య. ఫ్యాన్ ఆపేశాం, కిటికీ మూసేశాం. గదిలో తేమ 78 శాతం. మీటరు చూసే చెబుతున్నాను.

శ్రీను: ఇంకా నిమిషం కూడా కాలేదు!

లావణ్య: పోయినసారి చెప్పలేదని ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో నువ్వే చూశావు.

శ్రీను: సరే. ఈ రోజు విషయం నా గిటార్. ఎన్నాళ్ల నుంచి డబ్బు దాస్తున్నానో వినేవాళ్లందరికీ తెలుసు. బెంగళూరులో ఒకాయనకి ఆర్డర్ ఇచ్చాను. అంతా చేత్తోనే చేస్తారు. ఆయన రెండు పేజీల ఫారం పంపారు. బాడీ సైజు, టాప్ చెక్క, వెనక చెక్క, నెక్ వెడల్పు, స్కేల్, బ్రేసింగ్, ఫ్రెట్లు, అంటే మెట్లు, పాలిష్. ఆదివారం లోపు నింపి పంపాలి. ఈ ఎపిసోడ్ అయ్యేసరికి ఫారం మొత్తం నింపేయాలి.

లావణ్య: మొదటి గడి ఏంటి?

శ్రీను: సైజు. డ్రెడ్‌నాటా, ఓఎమ్మా, అంటే ఆర్కెస్ట్రా మోడలా. నాకు చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నది డ్రెడ్‌నాట్ శబ్దమే. పెద్ద బాడీ, కింది వైపు వెడల్పు 15 అంగుళాల 5/8, లోతు దాదాపు 5 అంగుళాలు. స్ట్రమ్ చేస్తే గది నిండుతుంది.

లావణ్య: నువ్వు స్ట్రమ్ ఎప్పుడు చేశావు? వేళ్లతో వాయిస్తావు, కూర్చుని వాయిస్తావు. అరగంట కాగానే కుడి భుజం పట్టుకుంటావు.

శ్రీను: అవును, ఆ భుజం నొప్పి నిజమే. ఓఎం కింది వెడల్పు 15 అంగుళాలే, లోతు కూడా 4 అంగుళాల పైన కొంచెం. నడుము సన్నం, ఒళ్లో కుదురుగా కూర్చుంటుంది. దాని కథ నాకు ఇష్టం. 1929లో పెర్రీ బెక్టెల్ అనే బాంజో విద్వాంసుడు పొడుగు నెక్ కావాలని అడిగితే, మార్టిన్ కంపెనీ వాళ్లు బాడీ బయటికి 14 ఫ్రెట్లు వచ్చేలా చేసిచ్చారు. అంతవరకూ వాళ్ల గిటార్లకి ఎక్కువగా 12 ఫ్రెట్లే బయట ఉండేవి. ఇప్పుడు ఎక్కడ చూసినా 14. వాయించేవాడు తన చేతికి ఏం కావాలో అడిగితే అలా మొదలైంది.

లావణ్య: మరి నీ చేతికి ఏం కావాలో రాయి.

శ్రీను: ఓఎం. రాశాను. టాప్ సిట్కా స్ప్రూస్. దీని మీద పోయిన రెండు ఎపిసోడ్లూ కొట్టుకున్నాం, మళ్లీ వద్దు.

లావణ్య: వద్దు. వెనక చెక్క?

శ్రీను: వెనకా పక్కలూ ఇండియన్ రోజ్‌వుడ్.

లావణ్య: ఆగు. కలం కింద పెట్టు.

శ్రీను: లావణ్యా...

లావణ్య: తగరపువలసలో, తుపానుకి కూలిన తాతయ్య పనస చెట్టు చెక్క పదేళ్లకు పైగా ఆరుతోంది. నువ్వేమో రోజ్‌వుడ్ అని రాస్తున్నావు!

శ్రీను: రోజ్‌వుడ్ ఏమైనా పరాయిదా? మన అడవి చెట్టే. మన పెద్దవాళ్లు ఇరుగుడు అనేవారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, 1969 ప్రాంతంలో మార్టిన్ కంపెనీ మన రోజ్‌వుడ్‌కే మారింది. ప్రపంచంలో ఎన్ని మంచి గిటార్ల వీపు మన చెట్టుదో! పేరున్న చెక్క, గుణం తెలిసిన చెక్క. బరువు, కంచులాంటి మోత, కింది స్వరాలు లోతుగా వస్తాయి.

లావణ్య: పనస గుణం తెలియదా? బొబ్బిలి వీణ దేంతో చేస్తారు? పక్కన గొల్లపల్లి వెళ్లి చూశాం కదా ఇద్దరం. ఒకే దుంగ. కుండ, దండి, అంతా ఆ ఒక్క చెట్టులోంచే తొలుస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. మృదంగం గుల్లా పనసే. ఈ గాలిలో, ఈ సముద్రం పక్కన తరాలుగా నిలబడింది. మా ఇంట్లో వీణ నా కంటే పెద్దది. అమ్మ దాని మీదే నేర్చుకుంది, నేనూ దాని మీదే నేర్చుకున్నాను. ఒక్క పగులు చూపించు. మే నెలలో మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, అంతే. చెక్క జరగలేదు.

శ్రీను: వీణకీ గిటార్‌కీ అక్కడే తేడా. వీణ కుండ మందం వేలంత. గిటార్ వీపు రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. పక్కలు రెండు. వీణలో చెక్కని తొలుస్తారు, వంచరు. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల పట్టీని తడిపి, వేడి ఇనుప గొట్టం మీద నడుము ఆకారంలో వంచాలి. పనస అలా వంగుతుందో, పుటుక్కున విరుగుతుందో... బెంగళూరు ఆయన్ని అడిగాను.

లావణ్య: అడిగావా? నాకు చెప్పలేదే!

శ్రీను: అడిగాను. "తెస్తే చేస్తాను, కానీ గ్యారంటీ ఇవ్వను" అన్నారు. రోజ్‌వుడ్ అయితే కళ్లు మూసుకుని చేస్తారట.

లావణ్య: చేస్తాను అన్నారు కదా!

శ్రీను: ఇంకోటి. గిటార్‌కి నిలువు కోత కావాలి. పలకని చివర నుంచి చూస్తే గీతలు నిటారుగా నిలబడాలి. అడ్డ కోత పలక తేమకి దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. మావయ్య సా మిల్లులో కోయించింది తలుపులకి. పలకలు పలకలుగా కోసేశారు.

లావణ్య: అలా కోసినా దుంగ గుండె పక్క నుంచి వచ్చిన పలకల్లో గీతలు నిటారుగానే ఉంటాయి. పై నుంచి మూడో పలక అలాంటిదే. సంక్రాంతికి వెళ్లినప్పుడు చివర పెయింట్ కొంచెం గీకి చూశాను.

శ్రీను: ఆ ఆకుపచ్చ పెయింటా?

లావణ్య: గేటుకి వేయగా మిగిలింది. మావయ్య ఎంత తెలివిగా చేశారో చూడు. చెక్కలో నీరు చివర్ల నుంచే తొందరగా పోతుంది, అక్కడే పగుళ్లు మొదలవుతాయి. అందుకే చివర్లకి పెయింట్ కొట్టించారు, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చారు. తుపాను తర్వాత ఊరంతా కరెంటు కోసం, నీళ్ల కోసం తిరుగుతుంటే మావయ్య ఆ చెట్టు కోసం సా మిల్లు చుట్టూ తిరిగారు.

శ్రీను: 2014 అక్టోబర్ 12.

లావణ్య: ఆదివారం. మనం ఇక్కడే ఉన్నాం, ఈ కిందే, పెద్దమ్మ పడకగదిలో. తలుపుకి బీరువా అడ్డం పెట్టుకుని.

శ్రీను: హుద్‌హుద్ తర్వాత కైలాసగిరి వైపు చూస్తే కొండ మీద పచ్చదనమే లేదు, అంతా గోధుమరంగు. తగరపువలస వెళ్లడానికి మనకి ఎన్ని రోజులు పట్టింది?

లావణ్య: అయిదు రోజులు. వెళ్లేసరికి తాతయ్య దుంగ మీద కూర్చుని ఉన్నారు.

(కొంచెం సేపు ఎవరూ మాట్లాడరు)

లావణ్య: ఆ చెక్క పాట పాడాలని నాకు ఉంది అన్నయ్యా. వేలితో కొట్టి చూశాను. పలక ఒక కొస పట్టుకుని వేలాడదీసి, మధ్యలో కాకుండా కొంచెం పక్కగా కొట్టాను. కంగుమంది. అంత మందంలోనే అలా మోగితే, చిత్రిక పట్టి పలచన చేస్తే ఎలా ఉంటుంది! బరువులో మహాగనీకి దగ్గరగా ఉంటుంది. రోజ్‌వుడ్ అంత మోత రాకపోవచ్చు, కానీ నువ్వు వాయించే కీర్తనకి అంత మోత దేనికి? స్వరం స్వరం విడిగా వినపడాలి కదా.

శ్రీను: ఆ మాట ఒప్పుకుంటాను.

లావణ్య: మరి? నిజం చెప్పు. వంగదనా నీ భయం?

శ్రీను: ...మంచి పలక ఒక్కటే ఉంది. కోతకి పెట్టాక వెనక్కి రాదు. వంచేటప్పుడు విరిగితే? అంతా బాగా వచ్చి రెండేళ్లకి పగిలితే? ఇప్పుడు అది పలకలా ఉంది, కానీ ఉంది. మావయ్య స్టోర్ రూమ్ తలుపు తీస్తే కనపడుతుంది. తాతయ్య చెట్టు అని చెయ్యి వేస్తాం. నా గిటార్ కోసం అది కూడా లేకుండా చేస్తే...

లావణ్య: అది నీ ఒక్కడి చెక్క కాదు.

శ్రీను: అందుకే కదమ్మా. నా ఒక్కడిదే అయితే ఎప్పుడో కోయించేవాణ్ణి.

లావణ్య: ఇదేనా ఆర్నెల్ల నుంచి నీ రోజ్‌వుడ్?

శ్రీను: ఇదే.

లావణ్య: నాకు ముందే చెప్పాల్సింది. నీకు ఆ చెట్టంటే పట్టింపు లేదేమో అనుకున్నాను. చాలా బాధపడ్డాను, ఇప్పుడు చెబుతున్నాను.

శ్రీను: తెలుసు. సంక్రాంతికి నువ్వు భోజనం చేయకుండా లేచినప్పుడే తెలిసింది.

లావణ్య: సరే, ఇలా చూద్దాం. పలక మందం 2 అంగుళాలు. వీపుకి కావాల్సింది రెండు రేకులే. ఒక చెక్కనే నిలువునా చీల్చి పుస్తకంలా తెరిచి అతికిస్తారు, అటూ ఇటూ ఒకే డిజైన్ వస్తుంది. రేకుకి 4 మిల్లీమీటర్లు, రంపం పొట్టు కింద ఇంకొంచెం. పక్కలకి ఇంకో రెండు రేకులు. అన్నీ పోయినా పలకలో సగం పైగా మిగులుతుంది. ముందు చివర ఆకుపచ్చ పెయింట్ ఉన్న ముక్క ఉంది కదా, ఎలాగూ కోసి పారేసేదే. దాంట్లోంచి ఒక సన్న పట్టీ తీసి బెంగళూరు పంపుదాం. ఆయన్ని వంచి చూడమందాం. విరిగితే రోజ్‌వుడ్ అని రాసుకో, నేను ఒక్క మాట అనను.

శ్రీను: పొట్టి ముక్క. వంచితే సరిగ్గా తెలుస్తుందా?

లావణ్య: నడుము వంపు అంత మేరకి సరిపోతుంది. అక్కడే కదా విరిగేది.

శ్రీను: ...అది బాగుంది. ఆదివారం లోపు అవ్వదు మరి.

లావణ్య: వెనక చెక్క గడి ఖాళీగా పంపు. మిగిలినవి చెప్పు.

శ్రీను: మనకి పావుగంటే ఉంది. నెక్ వెడల్పు, నట్ దగ్గర, అంటే నెక్ పై కొసన తీగలు ఆనే చోట: 43 మిల్లీమీటర్లా, 44న్నరా?

లావణ్య: వేళ్లతో వాయించేవాడికి 44న్నర.

శ్రీను: స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 25.4 అంగుళాలు, మామూలుదే. బ్రేసింగ్, అంటే టాప్ లోపల అతికించే కర్రలు, ఎక్స్ ఆకారం, కొంచెం తొలిచి. అది ఆయన చెవికే వదిలేస్తాను, చెక్కని తట్టి చూసి చేసేది ఆయనే. నెక్ జాయింట్ పాత పద్ధతి డోవ్‌టెయిలా, అంటే చెక్కలో చెక్క దూర్చి జిగురు పెట్టేదా, బోల్టా?

లావణ్య: బోల్టు. మన ఊళ్లో బోల్టే!

శ్రీను: వచ్చేసింది తేమ.

లావణ్య: రాదా మరి? ఆ గిటార్ 45, 50 శాతం తేమలో తయారై, 75, 80లో బతకాలి. చెక్క పొడుగున ఉబ్బదు, అడ్డంగా ఉబ్బుతుంది. లోపల బ్రేసులు అడ్డంగా అతికించి పట్టుకుని ఉంటాయి, టాప్‌కి పక్కకి పోయే దారి ఉండదు, పైకి పొంగుతుంది. టాప్ మీద తీగలు కట్టే బ్రిడ్జ్ లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి, నొక్కలేవు. నా మొదటి గిటార్‌కి అదే జరిగితే ఒక షాపులో శాడిల్, అంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ, అరగదీసి ఇచ్చారు. ఎండాకాలం ఏసీ గదిలోకి రాగానే టాప్ కిందికి దిగి ప్రతి తీగా గరగర. ఆ గిటార్ మళ్లీ కోలుకోలేదు. బోల్టు అయితే నెక్ విప్పి కోణం సరిచేయొచ్చు. డోవ్‌టెయిల్ అయితే ఆవిరి పట్టి జిగురు కరిగించాలి, ఆ పని చేసే చెయ్యి ఈ ఊళ్లో ఎక్కడ వెతుకుతావు?

శ్రీను: బోల్టు. రాశాను. ఫ్రెట్లు?

లావణ్య: స్టెయిన్‌లెస్ స్టీల్. మామూలు ఫ్రెట్లలో రాగి ఉంటుంది, బీచ్ గాలికి పచ్చబడతాయి.

శ్రీను: పాలిష్ మాత్రం నా ఇష్టం. లక్క. ఫ్రెంచ్ పాలిష్. మన ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసేది కూడా లక్కే కదా. పలచటి పూత, చెక్క గొంతు నొక్కదు.

లావణ్య: నీ ముంజేతి చెమట తగిలిన చోట నెలలో తెల్లబడుతుంది అన్నయ్యా.

శ్రీను: చెయ్యి కింద గుడ్డ వేసుకుంటాను.

లావణ్య: వేసుకోవు. నాకు తెలుసు.

శ్రీను: టాప్‌కి లక్క, నెక్‌కి వేరేది. ఒప్పుకో.

లావణ్య: ...వీపుకి కూడా లక్కే వేయించు. పనస అయితే. పసుపు చెక్క ఏళ్లు గడిచే కొద్దీ ఎర్రగా, గోధుమగా తిరుగుతుంది. ఆ రంగు మారడం కనపడాలి. మావయ్యకి ఫోన్ చేయనా?

శ్రీను: ఇప్పుడా?

లావణ్య: వెడల్పు కొలవాలి కదా. ఓఎం అయితే ఒక్కో రేకు 8 అంగుళాలు ఉండాలి, లోపల చేవ మాత్రమే. పై తెల్లకలప లెక్కలోకి రాదు. ...రింగవుతోంది. స్పీకర్‌లో పెడతాను. మావయ్యా, భోజనం అయిందా?

మావయ్య (ఫోన్‌లో): ఇప్పుడే అయిందమ్మాయ్. ఏంటి ఈ టైంలో?

లావణ్య: మూడో పలక వెడల్పు ఒక్కసారి చూసి చెప్తారా? పసుపు భాగం వరకే.

మావయ్య: గిటార్‌కేనా? ఒరేయ్ శ్రీనూ, ఉన్నావా అక్కడ?

శ్రీను: ఉన్నాను మావయ్యా.

మావయ్య: ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నాన్రా. ఉండు, టేపు తీస్తాను. లైటు... ఆ. పైన ఎనిమిది ముప్పావు. మధ్యలో... ఎనిమిదిన్నర.

లావణ్య: వచ్చేసింది!

మావయ్య: కింద... ఉండండి, ఇక్కడ ఏదో సన్నగా గీతలా ఉంది.

శ్రీను: గీతా, పగులా? మావయ్యా, గోరు పెట్టి చూడండి. గోరు దిగుతోందా?

మావయ్య: కళ్లజోడు లోపల ఉందిరా. ఆగు, తెచ్చుకుంటాను.