పది సెకన్లు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి మూడోసారి నేను చదవను.

నన్ను డ్రైనేజీ గురించి మాట్లాడమన్నారు. 1854లోనే లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు, ఒక వీధి పంపు నీళ్లే కలరాకు కారణమని చూపించాడు. ఎవరూ పెద్దగా కదల్లేదు. 1858 ఎండాకాలంలో, ఊరి మురుగంతా కలిసే థేమ్స్ నది కంపు పార్లమెంటు లోపలికే వచ్చింది. అంతే, ఆ వేసవిలోనే చట్టం తయారైంది, బాజల్‌గెట్ అనే ఇంజనీరు భూగర్భ కాలువలు మొదలుపెట్టాడు. 1866లో కలరా మళ్లీ వచ్చి, ఆ పని ఇంకా పూర్తికాని తూర్పు లండన్‌ను పట్టుకుంది. కంపు పెద్దల ముక్కు దాకా వస్తేనే పని మొదలవుతుందన్నమాట.

డ్రైనేజీ ఇక్కడితో ఆపుతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. ఇంటి ముందు రోడ్డు 24 మీటర్లు, అవతల పార్కు. నడిచేవాళ్లకి పచ్చలైటు 20 సెకన్లు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని వేసిన లెక్క అది. వాచీ పట్టుకుని నేను చూశాను, అమ్మ నడక 0.8. అంటే 30 సెకన్లు కావాలి. లైటు మారేసరికి ఆవిడ డివైడర్ పట్టుకుని నిలబడి ఉంటుంది, చీర కొంగు బస్సు గాలికి ఎగురుతూ. "ఒరేయ్, మొదటి లైటు డివైడర్‌కి, రెండోది పార్కుకి" అని నవ్వేది. ఇప్పుడు అసలు వెళ్లడమే మానేసింది.

అమెరికాలో 2009లో ఇదే లెక్కని సెకనుకు 4 అడుగుల నుంచి 3.5కి తగ్గించారు. ఆ సంగతి కూడా రాసి అర్జీ పెట్టాను. చూడడానికి వచ్చిన ఇంజనీరుగారు కారు దిగలేదు. "టైమ్ పెంచితే ట్రాఫిక్ ఆగిపోతుందండీ, ఫుట్ బ్రిడ్జి కట్టిద్దాం" అన్నారు. నలభై మెట్లు ఎక్కి, నలభై దిగాలి!

మీలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు! వేదిక మీద కూడా ముగ్గురున్నారు.

అధ్యక్షులవారు చీటీ పంపారు, టైమ్ అయిందట. పది సెకన్లు ఓర్చుకోండి సార్, మా అమ్మకి తక్కువైంది కూడా అంతే. కొత్త అర్జీ బయట బల్ల మీద ఉంది, పెన్ను కూడా పెట్టాను. వెళ్లేటప్పుడు సంతకం పెట్టి వెళ్లండి.