13 వేలు కట్టినా చుక్కల మందు రాయలేదు | డాలస్‌లో పాపకు కండ్ల కలక

నమస్తే అందరికీ! నల్గొండ నుంచి అత్తమ్మ పొద్దున్నుంచి ఫోన్ మీద ఫోన్, పాప కండ్లు ఎట్లున్నాయి, వీడియో తీసి పెట్టు అని. అందుకే ఇవాళ వంట పక్కన పెట్టి ఇది తీస్తున్నాను. నిన్న డేకేర్ వాళ్లు, పాప కన్ను ఎర్రబడింది, వచ్చి తీసుకెళ్లండి అన్నారు, డాక్టర్ కాగితం తెస్తేనే మళ్లీ రానిస్తారట. ఊర్లో అయితే అత్తమ్మనో పక్కింటి పెద్దమ్మనో చూసుకునేవాళ్లు, ఇక్కడ మా ఇద్దరిలో ఒకరం సెలవు పెట్టాల్సిందే, ఇంకెవరున్నారు మాకు.

అర్జెంట్ కేర్‌లో, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌లో, 150 డాలర్లు, అంటే దాదాపు 13 వేల రూపాయలు! అంత కట్టించుకొని చుక్కల మందు కూడా రాయలేదు. మన నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఏ మెడికల్ షాపులో అడిగినా ఇచ్చేస్తారు, ఇక్కడ యాంటీబయాటిక్ చుక్కలు చీటీ లేనిదే అమ్మరు. చాలా కోపమొచ్చింది కానీ డాక్టరమ్మ చెప్పింది విన్నాక ఆమెదే కరెక్ట్ అనిపించింది. పాపకు ముందు జలుబు చేసింది, తర్వాత ఒక కంట్లో నీళ్లు కారి రెండో కంటికి పాకింది, ఇది వైరస్ పద్ధతి, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. చిక్కటి పసుపు పుసి తుడిచినకొద్దీ వస్తుంటే బ్యాక్టీరియా కావచ్చు, చుక్కలు అప్పుడు కావాలి. రెండు కండ్లూ ఒకటే దురద పెడితే ఎక్కువగా ఎలర్జీ.

అత్తమ్మ నందివర్ధనం పూలు పెట్టమంటుంది. ఇంటి ముందు చెట్టు నిండా తెల్లగా ఎన్ని పూసేవో, దేవుడికి పోగా ఇంకా మిగిలేవి, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది కదా అత్తమ్మా? కానీ పూల రసం, చనుబాలు కంట్లో పోయొద్దు, కొత్త ఇన్ఫెక్షన్ రావొచ్చు. షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు అసలే వేయొద్దు, కొన్ని వైరస్‌లకు అవి పడితే చూపుకే ప్రమాదం.

2023 వానాకాలంలో మన దగ్గర బడి పిల్లలకు వరసగా వచ్చినప్పుడు చూస్తేనే అంటుతుందని నల్ల అద్దాలు పెట్టుకున్నారు. చూస్తే అంటదు, ఎక్కువగా చేతులు, టవల్, దిండు వీటితో అంటుతుంది. నేను మాత్రం కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ఒక్కో కంటికి వేరే దూదితో తుడిచి, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాను. గట్టి నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఆగకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు, నెలలోపు పసిపిల్లలు అయితే ఎరుపు కనబడగానే వెళ్లాలి.

పాప లేచింది, దిండు కవర్లు వేడి నీళ్లలో వేయాలి. రాత్రికి వీడియో కాల్ చేస్తాను అత్తమ్మా, మీరే చూద్దురు.