మిగిలిన కిడ్నీ ఎలా పెరుగుతుంది?

అందరికీ నమస్కారం.

కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, తీసేసిన చోట మళ్లీ కిడ్నీ మొలుస్తుందా?" మొలవదు. కాలేయంలో కొంత కోసి తీస్తే, మిగిలిన ముక్క కొత్త కణాలు పుట్టించుకుని దాదాపు పాత పరిమాణానికి వచ్చేస్తుంది. ఆ సంగతి విని కిడ్నీ కూడా అంతేననుకుంటారు. కిడ్నీ దారి వేరు. తీసిన చోటు అలాగే ఉండిపోతుంది, అవతలి పక్కనున్నది పెరుగుతుంది. అదెలా జరుగుతుందో తెలిస్తే అనవసరమైన భయం పోతుంది, అవసరమైన జాగ్రత్త ఏమిటో కూడా అర్థమవుతుంది. అందుకే ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. నెఫ్రాన్ అంటే ఒక చిన్న జల్లెడ, దానికి అంటుకుని ఒక సన్నని పొడవాటి గొట్టం. జల్లెడ రక్తాన్ని వడకడుతుంది. వడకట్టిన దాంట్లోంచి ఒంటికి కావలసిన నీరు, ఉప్పు, చక్కెర గొట్టం తిరిగి పీల్చుకుంటుంది. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి, మూత్రంగా పోయేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతాదంతా ఆ గొట్టాలు వెనక్కి తెచ్చుకున్నదే! నెఫ్రాన్ల తయారీ తల్లి కడుపులోనే, దాదాపు 36 వారాలకే ముగిసిపోతుంది. ఆ తర్వాత కొత్తది ఒక్కటి కూడా పుట్టదు.

మరి పెరిగేదేమిటి? ఉన్న నెఫ్రాన్లే లావవుతాయి. ఒక కిడ్నీ తీయగానే రెండోదానికి రక్తం ఎక్కువగా వస్తుంది, జల్లెడలు ముందుకన్నా ఎక్కువ వడకడతాయి. అదంతా వచ్చి పడేది గొట్టాల మీదే. వాటి మొదటి భాగంలోని కణాలు ప్రొటీన్లు ఎక్కువగా తయారు చేసుకుని ఒక్కొక్కటే పెద్దవవుతాయి. పెద్దవాళ్లలో కణాల సంఖ్య అంతగా పెరగదు, కణం సైజు పెరుగుతుంది. కసరత్తు చేసేవాళ్ల కండ లావయినట్టన్నమాట. కణం లోపల ఎంటార్ అనే ప్రొటీన్ ఈ పని నడిపిస్తుంది. ఎలుకల్లో రాపమైసిన్ మందుతో దాన్ని అడ్డుకుంటే కిడ్నీ పెరగడం చాలావరకు తగ్గిపోయింది.

కొందరు పుట్టుకతోనే ఒక్క కిడ్నీతో ఉంటారు. వాళ్లలో ఈ పెరుగుదల తల్లి కడుపులోనే మొదలవుతుంది. వేరే కారణానికి స్కాన్ తీయించుకునేదాకా చాలామందికి ఆ విషయమే తెలియదు.

1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే సర్జన్ ముందు కుక్కలకు ఒక కిడ్నీ తీసి, రెండోది సరిపోతుందని చూసుకున్నాకే ఒక రోగికి తీశాడు. ఆమె కోలుకుంది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో రొనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చాడు. విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. ఆ తర్వాత ఆయన ఒక్క కిడ్నీతో 56 ఏళ్లు బతికాడు. ఆయన గురించి చెప్పినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

అయితే ఒక కిడ్నీ రెండింటితో పూర్తిగా సమానమవుతుందని మాత్రం నేను చెప్పను. ఆరోగ్యంగా ఉన్న దాతలో మొత్తం వడపోత మొదట సగానికి పడిపోతుంది, తర్వాత పుంజుకుని ముందున్నదాంట్లో 65 నుంచి 70 శాతం దగ్గర నిలుస్తుంది. అందుకే క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే ఒక వ్యర్థం, రక్త పరీక్షలో 0.8 ఉన్నది 1.1, 1.2 అవుతుంది. రిపోర్టులో ఆ అంకె చూసి టెన్షన్‌తో నిద్ర మానేసినవాళ్లున్నారు. దాతకు ఆ మాత్రం పెరగడం మామూలే. ఏటేటా ఇంకా పైకి పోతుంటేనే ఆలోచించాలి.

ఎక్కువ పని చేయడానికీ ఒక హద్దుంది. 1980లలో అమెరికాలో బ్యారీ బ్రెనర్ అనే కిడ్నీ వైద్యుడి బృందం ఎలుకల్లో కిడ్నీ భాగాన్ని చాలావరకు తీసేసి చూసింది. మిగిలిన కొద్ది నెఫ్రాన్లు విపరీతమైన ఒత్తిడితో వడకట్టి, కాలక్రమంలో తామే దెబ్బతిన్నాయి. ఆరోగ్యవంతుడి దగ్గర మిగిలిన నిండు కిడ్నీకి అంత కష్టం ఉండదు. కానీ దాని మీద బీపీ, షుగర్, ఊబకాయం వచ్చి చేరితే భారం మీద భారం. దాతలకు కిడ్నీ ఫెయిలయ్యే అవకాశం చాలా తక్కువే, కాకపోతే రెండు కిడ్నీలున్న ఆరోగ్యవంతులతో పోలిస్తే కాస్త ఎక్కువ. ఈ మాట సంతకం పెట్టకముందే దాతకు చెప్పి తీరాలి.

కిడ్నీ పెరగడానికి టానిక్కులు, ప్రొటీన్ పౌడర్లు అక్కర్లేదు. ఏడాదికోసారి బీపీ చూపించుకోండి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో, క్రియాటినిన్ ఎంతుందో పరీక్ష చేయించుకోండి. డాక్టరును అడగకుండా పెయిన్ కిల్లర్లు వాడకండి.

ఇంకో చిన్న విషయం. స్కాన్‌కు వెళ్లినప్పుడు ఒక కిడ్నీ తీసేశారని ముందే చెప్పండి. లేకపోతే "కిడ్నీ పెద్దదైంది" అని రిపోర్టులో రాస్తారు, ఇంట్లో అందరూ కంగారు పడతారు. మీ విషయంలో అది పెద్దదవ్వాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.