పీవీ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ పదిహేను నెలలు

నమస్కారం. 1991 జూలై 24. ఆ రోజు సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదవబోతున్నారు. దేశం మొత్తం దాని కోసమే ఎదురుచూస్తోంది. అంతకు కొన్ని గంటల ముందు లోక్‌సభలో పరిశ్రమల శాఖ సహాయ మంత్రి పి.జె. కురియన్ లేచి, ఒక పత్రం సభ ముందు పెట్టి కూర్చున్నారు. ఆర్భాటం లేదు, పెద్ద ప్రసంగం లేదు. ఆ పత్రం పేరు కొత్త పారిశ్రామిక విధానం. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతా ఏ పరిశ్రమ పెట్టాలన్నా ఇకపై లైసెన్సు అక్కర్లేదని అందులో ఉంది. నలభై ఏళ్ళుగా నడుస్తున్న లైసెన్స్ రాజ్ ఆ పూటతో దాదాపు అయిపోయింది.

అప్పుడు పరిశ్రమల శాఖ ఎవరి చేతిలో ఉందో తెలుసా? ప్రధాని పీవీ నరసింహారావు గారి చేతిలోనే. శాఖ ఆయనది, నిర్ణయం ఆయనది. కానీ సభలో లేచి ప్రవేశపెట్టింది ఆయన కాదు.

ఇంత పెద్ద పని చేసి కూడా ఎందుకు వెనక్కి తగ్గి నిలబడ్డారు? పీవీ గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఢిల్లీ నుంచే కథ మొదలుపెడతారు. నా ఉద్దేశంలో దీనికి జవాబు హైదరాబాద్‌లో ఉంది. 1971 సెప్టెంబర్ 30 నుంచి 1973 జనవరి దాకా ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆ పదిహేను నెలలు తెలియకపోతే ఆ తర్వాతి పీవీ మనకు సగమే అర్థమవుతారు. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు అక్కడే ఉందాం.

ముందు కొంచెం నేపథ్యం. పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో. దత్తత వెళ్ళి పెరిగింది కరీంనగర్ జిల్లా వంగరలో. బాగా భూమి ఉన్న ఇల్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది. 1938లో నిజాం రాజ్యంలో వందేమాతరం పాడిన విద్యార్థులను చదువు నుంచి బహిష్కరించారు. వాళ్ళలో ఈయన ఒకరు. దాంతో మహారాష్ట్ర వైపు వెళ్ళి చదువుకున్నారు, నాగపూర్‌లో లా పూర్తి చేశారు. 1947-48లో నిజాంకు వ్యతిరేకంగా చాందా (ఇప్పటి చంద్రపూర్) సరిహద్దు క్యాంపులో పనిచేశారు. వరంగల్‌లో పాములపర్తి సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. 1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుంచి అసెంబ్లీకి గెలిచారు, అది మొదలు వరసగా నాలుగు ఎన్నికల్లో ఆ సీటు ఆయనదే. మంత్రిగా న్యాయం, దేవాదాయం, ఆరోగ్యం, విద్య, ఇలా చాలా శాఖలు చూశారు. 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. మన పిల్లలు కాలేజీలో కూడా తెలుగులో చదువుకోవాలంటే ముందు పుస్తకాలు ఉండాలి కదా. ఆ పని అక్కడ మొదలైంది.

ఇక 1971. 1969 తెలంగాణ ఉద్యమం గాయాలు ఇంకా ఆరలేదు. కాసు బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయారు. ఇందిరా గాంధీకి ఒక తెలంగాణ మనిషి కావాలి, సొంత వర్గం లేని మనిషి అయితే ఇంకా మంచిది. అలా పీవీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ నుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటి వ్యక్తి ఆయనే. వర్గం లేదు కాబట్టి చెప్పినట్టు వింటాడని, మెల్లగా బండి లాగిస్తాడని చాలామంది అనుకుని ఉంటారు.

ఆయన అలా చేయలేదండీ. 1972 ఎన్నికల్లో పాత పెద్దలను పక్కన పెట్టి చాలామంది కొత్తవాళ్ళకు, వెనుకబడిన కులాల వాళ్ళకు టికెట్లు ఇప్పించారు. కాంగ్రెస్ 287 సీట్లలో 219 గెలిచింది. గెలిచిన వెంటనే భూమి జోలికి వెళ్ళారు. 1972 మే 2 నుంచి వ్యవసాయ భూముల అమ్మకాలు, బదిలీలు ఆపేస్తూ ఆర్డినెన్స్ తెచ్చారు. ఎందుకంటే సీలింగ్ చట్టం, అంటే ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదనే చట్టం, వస్తోందని తెలిస్తే పెద్ద రైతులు రాత్రికి రాత్రే భూమిని బంధువుల పేర్లకు, పాలేర్ల పేర్లకు రాసేస్తారు. ముందు ఆ తలుపు మూసి, తర్వాత చట్టం తేవాలన్నది ఆయన ఆలోచన. ఒక భూస్వామి ఇంట్లో పెరిగిన మనిషికి తప్ప ఇంకొకరికి ఇంత కచ్చితంగా తట్టదేమో.

తర్వాత సీలింగ్ చట్టం. ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించి ఉన్నది ప్రభుత్వానికి అప్పగించాలి. వంగరలో ఉన్న ఆయన సొంత భూమికీ ఇదే లెక్క. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఆ అసెంబ్లీలో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఊళ్ళో పెద్ద కమతాలు ఉండేవో మనకు తెలుసు. వాళ్ళ చేతే వాళ్ళ భూమి పోయే చట్టానికి చెయ్యెత్తించారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా ధైర్యమైన పని ఇదే. 1991 కంటే కూడా. 1991లో దేశానికి వేరే దారి లేదు. 1972లో ఊరుకుంటే ఆయన్ని అడిగేవాడు లేడు.

అదే ఏడాది అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముల్కీ అంటే నిజాం కాలం నాటి నియమం. హైదరాబాద్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే పదిహేనేళ్ళు అక్కడ ఉండి తీరాలి. తీర్పుతో అనిశ్చితి తీరిపోయిందన్న ధోరణిలో పీవీ మాట్లాడారు. న్యాయశాస్త్రం చదివినవాడిగా అది మామూలు మాటే కావచ్చు. కానీ గుంటూరులో, విజయవాడలో, విశాఖలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడికి అది ఎలా వినిపిస్తుంది? మన రాజధానిలో మనకే చోటు లేదని ముఖ్యమంత్రే సంబరపడుతున్నట్టు వినిపించింది. ఆంధ్రను వేరే రాష్ట్రం చేయాలన్న జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డితో సహా ఆంధ్ర ప్రాంత మంత్రులు రాజీనామా చేశారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. ఆ విద్యార్థుల ఆవేదన నిజం. దాన్ని భూస్వాముల కుట్ర అని కొట్టిపారేయడం అన్యాయం. అలాగే, సీలింగ్ చట్టంతో రగిలిపోతున్న పెద్ద భూకామందులు ఆ ఉద్యమంలో తమ అవకాశం వెతుక్కున్నారన్నదీ కాదనలేం. రెండూ కలిసి ఒకే మనిషి మీద పడ్డాయి. పక్కన నిలబడడానికి ఆయనకు సొంత వర్గం లేదు. ఏ గుణం చూసి కుర్చీలో కూర్చోబెట్టారో, ఆ గుణమే ఆయన్ని ఒంటరిని చేసింది. 1973 జనవరిలో ఢిల్లీ ఆయన్ని దిగిపొమ్మంది. రాష్ట్రపతి పాలన వచ్చింది. మళ్ళీ ఆయన ఎప్పుడూ రాష్ట్ర రాజకీయాల్లో పదవి చేపట్టలేదు.

సరిగ్గా ఉన్న పని చేసి, ఎదురుగా వెళ్ళి, అందరికీ చెప్పి చేసి ఓడిపోయారు. ఆ తర్వాతి పీవీ వేరే మనిషి. మాట తగ్గింది. ఎవరికీ ఏమీ ముందుగా తెలియనివ్వడం మానేశారు.

ఢిల్లీలో పదవులు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. 1980లో విదేశాంగ మంత్రి, 1984లో హోం మంత్రి, తర్వాత రక్షణ, మానవ వనరుల శాఖ. నవోదయ విద్యాలయాలు ఆ శాఖ నుంచి వచ్చినవే. దానికి మూలం మనకు దగ్గర్లోనే ఉంది. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పేదింటి తెలివైన పిల్లల్ని ఒకచోట ఉంచి మంచి చదువు చెప్పే ఆ పద్ధతే తర్వాత దేశమంతా వెళ్ళింది.

ఇదే కాలంలో ఒక చీకటి అధ్యాయం ఉంది, అది దాటేసి వెళ్ళలేను. 1984 అక్టోబర్ 31న ఇందిర హత్య తర్వాత ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగింది. అధికారిక లెక్క ప్రకారమే 2,733 మంది చనిపోయారు. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద ఉంటారు. హోం మంత్రి పీవీ. నిర్ణయాలన్నీ ప్రధాని కార్యాలయమే తీసుకుందని ఆయన తరఫున చెప్పేవాళ్ళు ఉన్నారు. అయినా సరే, ఆ మూడు రోజులు హోం మంత్రి గట్టిగా నిలబడలేదు. పదవి పోయినా పర్లేదనుకున్న 1972 నాటి మనిషి ఆ రోజు కనిపించలేదు. పీవీని ఎంత అభిమానించినా ఇది మింగుడుపడదు.

1991కి వద్దాం. ఆ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నారు. మే 21న శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ హత్య. జూన్ 21న పీవీ ప్రధాని. మళ్ళీ అదే కారణం, సొంత వర్గం లేదు. ఎవరికీ ప్రమాదం కాదనుకున్నారు. సభలో మెజారిటీ లేదు. ఖజానాలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతే. దాదాపు 47 టన్నుల బంగారం కుదువ పెట్టాల్సి వచ్చింది. జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు.

ఈసారి ఆయన ఎదురుగా వెళ్ళలేదు. మన్మోహన్‌ను ముందు నిలబెట్టారు. నెహ్రూ దారి వదల్లేదని పదేపదే చెప్తూనే ఆ దారి మార్చేశారు. పారిశ్రామిక విధానాన్ని బడ్జెట్ నీడలో దాచి పంపారు. గొడవపడేవాళ్ళకు ఎవరితో గొడవపడాలో అర్థమయ్యేలోపు పని అయిపోయింది. మధ్యలో నంద్యాల ఉప ఎన్నిక. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ వచ్చింది. తెలుగు రాజకీయాల్లో అంత పెద్దమనసు మళ్ళీ ఎప్పుడు చూశామో చెప్పండి.

అయితే, మాట్లాడకుండా అందర్నీ నమ్మించి పని సాగించుకోవడం అన్ని చోట్లా పనికిరాదు. 1992 డిసెంబర్ 6. బాబ్రీ మసీదుకు ఏమీ కానివ్వమని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కళ్యాణ్ సింగ్ సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చారు. కేంద్ర బలగాలు దగ్గర్లోనే ఉన్నాయి. పీవీ ముందుగా రాష్ట్రపతి పాలన పెట్టలేదు. హామీని నమ్మారు, వేచి చూశారు. మసీదు కూలిన తర్వాత, సాయంత్రం పెట్టారు. రాజ్యాంగం ప్రకారం చేతులు కట్టేసినట్టు ఉందని ఆయన వాదించారు. ఒక లాయరుగా ఆ వాదన నాకు అర్థమవుతుంది. ప్రధానిగా మాత్రం ఒప్పుకోలేను. ఆ తర్వాత ముంబైలో, ఇంకా ఎన్నో చోట్ల అల్లర్లలో చనిపోయినవాళ్ళు ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించారు.

చివరి ఏళ్ళ గురించి త్వరగా చెప్తాను. 1996లో ఓటమి. 1998లో సొంత పార్టీయే టికెట్ ఇవ్వలేదు. 1993 అవిశ్వాస తీర్మానం గట్టెక్కడానికి ఎంపీలకు డబ్బులిచ్చారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2004 డిసెంబర్ 23న చనిపోయారు. పార్థివదేహం ఉన్న వాహనం ఢిల్లీలో కాంగ్రెస్ కార్యాలయం గేటు బయటే ఆగింది, లోపలికి రానివ్వలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఐదేళ్ళు ప్రధానిగా చేసిన మనిషికి, సొంత పార్టీ ఇంత చేసినందుకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2024లో భారతరత్న ప్రకటించారు. సంతోషమే.

కానీ ఆ అవార్డు చుట్టూ జరిగిన చర్చలో సీలింగ్ చట్టం ఊసు పెద్దగా రాలేదు. అది 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి ఆయన ముఖ్యమంత్రి కాదు. ముందు మూసిన తలుపు ఎన్నో చోట్ల మళ్ళీ తెరుచుకుంది. బినామీ పేర్లు, పాత తేదీలతో కాగితాలు, ఏళ్ళ తరబడి ట్రిబ్యునళ్ళలో కేసులు. మిగులు భూమి అనుకున్నంత తేలలేదు. తేలినదాంట్లో కొంత రాళ్ళూ రప్పలూ ఉన్న నేల. అయినా కొన్ని ఊళ్ళలో, కొన్ని కుటుంబాలకు మొదటిసారి పట్టా అందింది.

మీ ఊళ్ళో సీలింగ్ భూమి ఉందా? మీ తాతలు ఇచ్చినవాళ్ళా, పొందినవాళ్ళా? ఆ పట్టా ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? కామెంట్లలో రాయండి. సీలింగ్ భూములు ఎలా చేతులు మారాయన్నదాని మీదే వచ్చే వీడియో చేస్తున్నాను, మీరు రాసేది దానికి పనికొస్తుంది.